గ్రేస్ మేడం నాకిచ్చిన చీటీ

గురువారం ఉదయం ఫోన్ మోగగానే అది ఏ వార్తో నాకు తెలిసిపోయింది. రెండు నెలలుగా ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ వార్తేనేమోనని ఎత్తడానికి జంకేవాణ్ణి. ఈసారి నిజంగానే అదే అయింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో వందలమందికి జావా ప్రోగ్రామింగ్ నేర్పిన ఆచార్యురాలు, నావంటి చంచలచిత్తులకు తల్లిలాంటి గ్రేస్ సుగుణ గారు పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. తెలిసి తెలిసి ఎదురుచూసిన వార్తకు కూడా మనిషి ఇంత నిశ్చేష్టుడవుతాడని నేననుకోలేదు. ఆవిడ గురించి రాయమని మిత్రులు అడిగారు. అందుకు అందరికంటే తక్కువ అర్హత ఉన్నవాణ్ణి నేనే. ఎందుకో దాచకుండా చెబుతాను. ఆవిడ వ్యాధిని తేల్చిన రిపోర్టు మూడు వారాలు ఆలస్యంగా ఆవిడ చేతికి చేరింది. ఆ ఆలస్యం నాది.

నేను తెనాలి నుంచి ఈ నగరానికి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చినవాణ్ణి. మూడో ఏడు ముగిసేసరికి ఐదు సబ్జెక్టులు తప్పి ఉన్నాను. నగరంలో కుర్రాళ్ళంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెంట పరుగెడుతున్న కాలం. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి పాఠం ఉచితం, దాన్ని డెమో అంటారు. నచ్చినవాళ్ళు చేరతారు, నచ్చనివాళ్ళు వెళ్ళిపోతారు. నేను మాత్రం డెమోలకే వెళ్ళేవాణ్ణి. డేటాబేస్ డెమో, టెస్టింగ్ డెమో, మళ్ళీ జావా డెమో. మొదటి రోజున నా అంత హుషారైనవాడు ఆ గదిలో ఉండడు. మూడో రోజుకి ఆ గదిలో నేనే ఉండను.

ఒకరోజు మెట్ల దగ్గర గ్రేస్ మేడం నన్ను ఆపారు. "గిది నాల్గోసారి నువ్వు నా డెమోకొచ్చుడు. ఐదో పాఠం ఎట్లుంటదో ఎప్పుడన్న చూసినవా?" అన్నారు. ఎగతాళి అనుకుని పళ్ళికిలించాను. ఆవిడ నవ్వలేదు. ఖాళీ క్లాసులో కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలడిగారు. తాళంచెవులు పోగొట్టుకుంటావా, ఒకే వాక్యం ఏడుసార్లు చదువుతావా, నచ్చిన పని దొరికితే తిండి కూడా మర్చిపోతావా అని. నా హాస్టల్ గదిలో కాపురమున్నట్టే అడిగారు! తన తమ్ముడు కూడా ఇలాగే ఉండేవాడనీ, కాలేజీ మానేసి ఒకనాడు సంచి పట్టుకుని వెళ్ళిపోయినవాడు నేటికీ తిరిగి రాలేదనీ చెప్పారు. "ఇంట్ల అందరం వాన్ని సోమరోడన్నం. నేను సుత అన్న," అన్నారు. ఆ అపరాధభావమే ఆవిడ చేత ఈ విషయం మీద దొరికిన కాగితమల్లా చదివించింది.

పంజాగుట్టలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి ఆవిడే తీసుకువెళ్ళారు. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని, ఇది పుట్టుకతో వచ్చే మెదడు తీరే తప్ప బద్ధకం కాదని, నాలో అవధానం లేక కాదు, దాని పగ్గాలు నా చేతిలో లేకనే ఈ అవస్థ అని ఆయన నిదానంగా వివరించారు. పొగరు, నిర్లక్ష్యం అని ఇరవై ఏళ్ళు విన్న చెవులకు ఆ మాట ఎలా వినిపించిందో ఏం చెప్పను! సిగ్గు లేకుండా ఏడ్చేశాను. ఆయన మందు రాసిస్తూ, మందు కూర్చోబెట్టగలదు గానీ ఏ పుస్తకం ముందు కూర్చోవాలో దానికి తెలియదన్నారు. ఆ రెండో పని మేడం నెత్తిన వేసుకున్నారు.

ఆదివారం మేడం చర్చి నుంచి వచ్చాక వారి ఇంటి ముందుగది మాది. నాలాంటివాళ్ళం ఐదారుగురం. ఆవిడ పాఠం చెప్పేవారు కాదు, ఊరికే పక్కన కూర్చుని తన పేపర్లు దిద్దుకునేవారు. పక్కన ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే నా మనసు కూడా కుదురుగా ఉండేది, ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ప్రశ్నపత్రాన్ని కత్తిరించి ఒక్కొక్క ప్రశ్నే చేతికిచ్చేవారు. వంటింట్లో కుక్కర్ మూడు కూతలు కూసేదాకా లేవకూడదు, కూశాక కూర్చోకూడదు. ఒకసారి మూడో కూత రాకముందే పప్పు మాడినా సరే, ఎవరూ లేవలేదు. "పప్పు పోతే పోయింది, లెక్క అయింది గదా," అని మాడిన పప్పే అందరికీ వడ్డించారు.

ఆవిడకి ఒక కఠిన నియమం ఉండేది. 'గుర్తుంచుకుంటాను మేడం' అనే మాట ఆ ఇంట్లో నిషిద్ధం. ఏ పని చెప్పినా ఎక్కడ రాసుకున్నామో చూపించాకే గడప దాటనిచ్చేవారు. మర్చిపోతున్నందుకు సిగ్గుపడొద్దు, రాసుకోనందుకు సిగ్గుపడమనేవారు. అటువంటి మనిషి, సప్లిమెంటరీ పరీక్షలకు వారం ముందు, నా చేతికి ఒక చీటీ ఇచ్చారు. పంజాగుట్టలో ఏదో పరీక్ష చేయించుకున్నారట, శుక్రవారం రిపోర్టు వస్తుంది, చీటీ చూపించి తెచ్చిపెట్టమన్నారు. ఎక్కడ రాసుకున్నావని అడగలేదు. నేనూ రాసుకోలేదు. చీటీని జావా నోట్సులో పెట్టాను. శుక్రవారం వచ్చింది, వెళ్ళింది.

ఆ మూడు వారాలూ ఆవిడ ఆదివారాలతో ఆగక రోజూ మాతో కూర్చున్నారు. చేతిగడియారం జారిపోతోందని పట్టీకి మేకుతో కొత్త బెజ్జం పొడవడం చూశాను. వారం తిరక్కుండా ఇంకో బెజ్జం. మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడడం చూశాను. అన్నీ చూశాను. చూసిన మరుక్షణం నా ధ్యాస ఇంకెక్కడికో పోయేది. రిపోర్టు ఏమైందని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

చివరి పరీక్ష అయిన మర్నాడు నోట్సులోంచి ఆ చీటీ కిందపడింది. వెంటనే పంజాగుట్ట బస్సెక్కాను. జంక్షన్ ట్రాఫిక్‌లో బస్సు కదలకపోతే దిగి పరుగెత్తాను. ల్యాబులో అంటించిన కవరు ఇచ్చారు. మేడం దాన్ని అందుకుని, తెరవకుండా బైబిలు కింద పెట్టి, పేపరు ఎలా రాశావని అడిగారు. ఆ పదిరోజుల్లోనే ఆసుపత్రిలో చేర్చారు. కొంచెం ముందే రావలసింది అని అక్కడి డాక్టరు అన్నారట. ఆ 'కొంచెం' ఎంతో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఫలితాలొచ్చాయి. ఐదూ గట్టెక్కాయి. చెప్పడానికి వెళ్ళి మంచం పక్కన నిలబడి, శుభవార్త గొంతులోనే ఉండగా, "మేడం, ఆ చీటీ నేను మర్చిపోబట్టేనండి ఇదంతా," అన్నాను.

"భయమైంది రా," అన్నారు. "కవరు తెరిస్తే మీ దగ్గర కూసోలేను అనిపించింది. వేరేటోళ్ళకిస్తే తెచ్చిస్తరు. నువ్వు మరుస్తవని తెల్సు. తెల్సే నీకిచ్చిన. ఇగ ఫికర్ చెయ్యకు."

ఆ తరువాత ఆవిడతో మాట్లాడే భాగ్యం నాకు కలగలేదు.

మేడం, మీ సమాధి దగ్గర పూలుంచి, నేను మొక్కే దేవుడికీ మీరు ప్రార్థించిన ప్రభువుకీ కలిపి ఒకే దండం పెట్టి వచ్చాను. మీవంటి గురువు మళ్ళీ దొరకరని అందరూ అంటున్నారు, నిజమే. కానీ నా బాధ వేరు. మీరు చెప్పింది నిజమైతే నాకు మీ మీద కోపం. నా జబ్బును నాకంటే బాగా తెలుసుకుని, దాని వెనకే దాక్కున్నారా? లేక ఈ పాపం నేను జన్మంతా మొయ్యకూడదని ఆ మంచం మీద నుంచే ఒక మాట అల్లి నా చేతిలో పెట్టారా? మీరు అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. నావంటివాణ్ణి వదిలిపెట్టగా కూడా ఎప్పుడూ చూడలేదు. ఏది నిజమో అడుగుదామంటే మీరు లేరు.