మబ్బు పట్టిన రోజు అమెరికా కరెంటు

నా మాట నమ్మి బాగుపడ్డవాళ్లు లేరు. నమ్మి చెడ్డవారు మాత్రం ఒకరున్నారు. మా అక్క భర్త.

మాది ఆకివీడు అవతల, రొయ్యల చెరువుల మధ్య ఇల్లు. బంధువుల్లో నాకు కోతలమ్మ అని పేరు. మా ఆయన గట్టు మీద దగ్గితే రొయ్యలు మేతకి వరస కడతాయనీ, కొల్లేటి కొంగ ఒకటి మా ఇంట్లో టిఫిన్ చేసి గానీ వేటకి పోదనీ చెప్పింది నేనే. "మా మరదలు చెప్పినదాంట్లో సగం తీసేయండి, మిగతా సగం నమ్మకండి" అనేవారు బావగారు.

ఆయనది తాడేపల్లిగూడెం. పాతికేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించారు. డీజేలు వచ్చాక పిలిచేవాళ్లు లేరు. మిగిలిందల్లా గిటారూ, వాల్వులున్న పాత అమెరికా ఆంప్లిఫయరూ. దాని వెనక రేకు మీద నూట పదిహేడు వోల్టులని రాసుండేది. "జపాను వాళ్లకి నూరు, అమెరికా వాళ్లకి ఇది, మనకి రెండొందల ముప్పై. పాట ఒకటే, దేశానికో కరెంటమ్మా" అని నిట్టూర్చేవారు. మన కరెంటుని సగానికి దించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వాడేవారు. అది కాలిపోతే తీగ మళ్లీ చుట్టమని ఏలూరులో ఒక కొట్లో ఇచ్చారు. కొట్టాయన "రేపు రండి" అంటూ నెల దాటించాడు.

అప్పుడొచ్చింది విజయవాడ నించి ఫోను. ఎవరో స్టూడియోవాళ్లకి ఆ పాత వాల్వుల మోతే కావాలట. ఆదివారంలోగా ఒక బిట్టు వాయించి పంపితే, నచ్చితే పని ఇస్తారట. ఈ వయసులో ఇంకో పిలుపు రాదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు తెప్పించినా ఆదివారానికి అందదు.

"ఏవండీ బావగారూ, మబ్బు పట్టిన రోజు మా ఇంటికి రండి. మా ప్లగ్గులో అమెరికా కరెంటే వస్తుంది" అన్నాను.

"కొంగలు మోసుకొస్తాయా అమ్మా?"

కొంగలు కాదు. మబ్బు పడితే చెరువు నీళ్లలో గాలి తగ్గిపోతుంది. రొయ్యలు చావకుండా రైతులందరూ ఒక్కసారే ఏరియేటర్లు వేస్తారు, నీళ్లు చిలికే చక్రాలు. లైను చివర మా ఇల్లు, అందరూ లాగేసుకున్నాక మాకు మిగిలేది సగం వోల్టులే. దేవుడి గూట్లో గుండు బల్బు అగరొత్తి కొసలా ఎర్రబడిపోతుంది.

శనివారం పొద్దున్నే మబ్బేసింది. ఆంప్లిఫయరు ఆటోలో, వోల్టులు చూసే మీటరు జేబులో పెట్టుకుని వచ్చారు. ప్లగ్గులో మీటరు పుల్లలు గుచ్చారు. నూట పదహారు. నా మొహం చూసి మళ్లీ గుచ్చారు. నూట పద్దెనిమిది.

"ఓసి నీ దుంపతెగ! నిజమే చెప్పావే!"

వాల్వులు వేడెక్కాయి. ఆయన తీగ మీటారు. ఆ మోత గురించి మాత్రం నేను కోతలు కొయ్యను, నా వల్ల కాదు. రెండుసార్లు తప్పారు. మూడోసారి ఫోన్లో రికార్డింగు పెట్టి మొదలెట్టారు.

సగంలో ఉండగా బయట చక్రాల హోరు కాస్త తగ్గింది. కిటికీ మీద ఎండ పడింది. గూట్లో బల్బు పసుపెక్కింది. ఎండొస్తే రైతులు చక్రాల మోటార్లు ఆపేస్తారనీ, వోల్టులు ఎగబాకుతాయనీ నాకు తెలుసు, ఆయనకి తెలియదు. అరిస్తే రికార్డింగు పాడవుతుంది. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నోరు ముయ్యనిదాన్ని, ఆ నిమిషం మూసుకున్నాను.

బల్బు తెల్లగా వెలిగింది. ఆంప్లిఫయరు ఫట్‌మంది. పొగ, కాలిన లక్క వాసన. ఆయన వేళ్లు మాత్రం ఇంకా తీగల మీద కదులుతున్నాయి, చప్పుడు లేకుండా.

ఏలూరు కొట్టాయన విప్పి చూసి, "దీని సామాను ఇప్పుడు రాదండీ, ఇంట్లో బొమ్మలా పెట్టుకోండి" అన్నాడట. స్టూడియోవాళ్లు ఇంకెవర్నో చూసుకున్నారు.

ఆ తర్వాత అక్కావాళ్ల ఇంట్లో ఒక భోజనాల దగ్గర ఈ సంగతి మొదలెట్టాను, నలుగురి ముందూ తప్పు ఒప్పుకుందామని. "మరదలు చెప్పేది నమ్మకండీ, నా దగ్గర ఆంప్లిఫయరే లేదు ఎప్పుడూ" అన్నారు బావగారు, పెరుగు కలుపుకుంటూ. అందరూ నవ్వారు.

వచ్చేటప్పుడు, ఆ రోజు మా ఇంట్లో మర్చిపోయిన మీటరు తీసి ఆయన చేతిలో పెట్టబోయాను.

"ఇది నాది కాదమ్మా" అన్నారు.