బిస్కట్‌కి ఏడు పోటీలు

మా చిన్నప్పుడు... పాపకూర అనే విదేశపు ఊళ్ళో, మా వంటింటి బల్ల మీద, పప్పు గిన్నె పక్కకి జరిపి, నాన్న ఒక గుర్రం తరఫున దరఖాస్తు నింపారు.

గుర్రమంటే పెద్ద గుర్రం కాదు... నా నడుము దాటని బుల్లి షెట్లాండ్ పోనీ. పేరు బిస్కట్. మా వెనకింటి మార్గరెట్ ఆంటీది. నాకప్పుడు పదేళ్ళు. బడి నుంచి రాగానే సంచి గుమ్మంలో పడేసి వాడి దగ్గరికి పరిగెత్తేదాన్ని.

ఆ చలికాలమంతా మా ఇద్దరికీ ఒకటే పని... పాత టైర్ల మధ్య నుంచి నడవడం, నేల మీద పరిచిన టార్పాలిన్ దాటడం, తాడుకు కట్టిన గంటని వాడు మూతితో మోగించడం. ఊళ్ళో జరిగే పశువుల షోలో అడ్డంకుల పోటీ అంటే అదే. వాడితో అందులో నిలబడాలని నాకు ఒకటే ఆరాటం.

ఆంటీ ముందే చెప్పింది. "వాడు ముసలివాడు. పొద్దున నడక పోటీ, తర్వాత మీ అడ్డంకులది. రెండు చాలు."

నాన్న వింటేగా! ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, కనబడ్డ ప్రతి ఉద్యోగానికీ అప్లై చేసి సెటిల్ అయిన మనిషి. "ఏదో ఒకటి తగులుద్దమ్మా... వదిలేస్తే మనకే లాస్" అంటూ దరఖాస్తులో ఉన్న ఏడు పోటీలకీ టిక్కులు పెట్టేశారు. నేను పక్కనే ఉన్నాను. గెలిస్తే ఇచ్చే రిబ్బన్లు ఏడూ వస్తాయేమోనని నాకూ లోపల ఆశే... అబద్ధం ఎందుకు?

షో రోజు పొద్దున్నే నడక. తర్వాత అలంకరణ. అమ్మ కొబ్బరినూనె రాసి జూలుకి జడలల్లితే, షెట్లాండ్ జూలు విరబోసే ఉంచాలన్నారు జడ్జి. అన్నీ విప్పదీశాం. తర్వాత గెంతడం... ఆపైన వేషాల పోటీ. బాసికం కట్టి పెళ్ళికొడుకుని చేస్తే పాపం దానికీ తల వంచాడు. ఎండ ముదిరింది. ఇంకా రెండు పోటీలయ్యాక గానీ అడ్డంకులది రాలేదు. అదే ఆఖరిది.

మా పేర్లు పిలిచారు. బిస్కట్ నాలుగడుగులు వేసి, మొదటి టైరు ముందు ఆగి, కాళ్ళు మడుచుకుని గడ్డిలో పడుకుండిపోయాడు. ఎవరో నవ్వారు. తాడు లాగడానికి నాకు మనసొప్పలేదు. నా కాళ్ళూ పీకుతున్నాయి. వాడి పక్కనే కూలబడ్డాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆంటీ పరుగున వచ్చి చూసింది. "జబ్బేం లేదు, అలసిపోయాడంతే" అంది. నాన్న వైపు చూడకుండా వాడి తాడు విప్పింది. తిట్టినా బాగుండేది.

నాన్న వచ్చి మా పక్కనే గడ్డిలో కూర్చుని, చాలాసేపు వాడి మెడ నిమిరారు. "నీకేది కావాలో అడగాల్సింది రా తల్లీ" అన్నారు. ఆయన తప్పు ఒప్పుకోగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇప్పుడు బిస్కట్ లేడు. ఆ గడ్డినేల నిండా ఇళ్ళు లేచాయి. నేను లోవర్ హట్ అనే వేరే ఊరి నుంచి రోజూ రైలెక్కి ఆఫీసుకి వెళ్తూ, ఫోన్‌లో ఆ కోర్సుకీ ఈ ప్రమోషన్‌కీ వీకెండ్ పనికీ... అన్నిటికీ టిక్కులు పెడుతుంటాను. అచ్చం నాన్నలాగే. రెండు చాలని చెప్పే మార్గరెట్ ఆంటీ ఇక్కడ లేదు.

మీకూ చిన్నప్పుడు బాగా వచ్చిన పని ఒకటి ఉండే ఉంటుంది... దాని వంతు వచ్చేసరికి మీకు ఓపిక మిగిలిందా? చెప్పండి.