గిటారు బ్రిడ్జికి చెక్క బిగించిన రోజు

పోయిన ఆదివారం పొద్దున్న కాఫీలయ్యాక వరండాలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే లోపలి గదిలోంచి టప్పుమని ఒక చప్పుడు, ఆ వెనకే మా కోడలి గొంతు "అయ్యో" అనడం వినిపించాయి. మా కోడలు ఇంట్లో కూచునే కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. రోజంతా ఆఫీసు వాళ్ళతో మాట్లాడి మాట్లాడి తల వాచిపోతోందని ఈ మధ్యనే ఒక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుని, ఫోనులో పాఠాలు చూసి నేర్చుకుంటోంది. దాన్ని పసిపిల్లలా ఎత్తుకుని బయటికొచ్చి, "తెగింది ఒక్క తీగే అత్తయ్యా, మిగతావన్నీ ఎందుకు చెడిపోయాయి? దేన్ని మీటినా ఏడుస్తోంది" అంది. నేను చేతులు కొంగుకి తుడుచుకుని గిటారు అందుకుని, తిరగేసి, వెనకున్న ప్లాస్టిక్ మూత చూసి, "స్క్రూడ్రైవరు ఉందా? ఒక గట్టి చెక్కముక్క కూడా వెతుకు" అన్నాను. "మీకు గిటారు సంగతులు తెలుసా అత్తయ్యా?" అంది పిల్ల. ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయినా అత్తగారికి వంటా పూజా బ్యాంకు పెన్షనూ తప్ప ఇంకేదైనా తెలిసుంటుందని తనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మా అబ్బాయికే సగం తెలీదు.

మాది కొవ్వూరు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు, అమ్మ చుట్టుపక్కల ఆడపిల్లలకి వీణ నేర్పేది, అన్నయ్య బి.ఏ. పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కోవాల్సిన వయసులో ఒక ఆర్కెస్ట్రా పెట్టుకుని ఊళ్ళమ్మట పాటలు పాడుతుండేవాడు. మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, దసరా పందిరైనా పెళ్ళిపందిరైనా ఆర్కెస్ట్రా లేకపోతే ముచ్చట తీరని రోజులవి. అన్నయ్య గొంతు బావుండేది. ఎత్తుకోవడంలో ఎంత నిబ్బరం ఉండేదంటే, దారిన పోయే సైకిళ్ళు కూడా స్టేజీ పక్కన ఆగిపోయేవి.

నాకు ఇరవయ్యేళ్ళొచ్చిన ఏడాది కువైట్ నుంచి వచ్చిన మా బాబాయి, అన్నయ్య పాటకచేరీలు చేస్తున్నాడని ఎవరో చెప్పగా విని, ఒక ఎర్ర గిటారు పట్టుకొచ్చాడు. సంగీతంలో ఆయనకి ఓనమాలు తెలీవు, రంగు బావుందని కొన్నానని ఆయనే చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నయ్య దగ్గర గిటారు వాయించే అతను ఎక్కడో ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్ళిపోయాడు. నాకు చిన్నప్పట్నుంచీ అమ్మ దగ్గర వీణ చేయి తిరిగి ఉండడంతో, ఊరికే సరదాకి ఆ గిటారు ఒళ్ళో పెట్టుకుని మెట్లు వెతుక్కుంటూ ఉండగానే పాటలు వచ్చేశాయి. అన్నయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆడపిల్ల స్టేజీ ఎక్కడమేమిటని నాన్నగారు వారం రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు గానీ, ఆఖరికి అన్నయ్యతోనే వెళ్ళి అన్నయ్యతోనే రావాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ఆ గిటారు మీద నాకు ప్రాణం ఎందుకో చెప్పాలి. తీగలు వచ్చి ఆనే ఇనప పలకని బ్రిడ్జి అంటారు. మా ఊళ్ళో బ్రిడ్జి అంటే గోదావరి మీదదొక్కటే కనక, మేమా మాట అన్నప్పుడల్లా నాన్నగారు పేపరు దించి చూసేవారు. మామూలు గిటార్లలో అది చెక్కకి బిగించేసి ఉంటుంది. దీనిలో మాత్రం గాలిలో తేలుతూ ఉండేది. పైనుంచి తీగలు ఒక వైపు లాగుతుంటే, వెనక డొల్లలో ఉన్న స్ప్రింగులు రెండో వైపు లాగుతుండేవి, ఆ రెండు లాగుళ్ళ మధ్య అది నిలబడేది. పక్కన ఒక కడ్డీ. తీగల్ని మీటి కడ్డీని మెల్లగా నొక్కితే స్వరాలన్నీ కలిసి ఒక్కసారి కిందికి జారి మళ్ళీ పైకి తేలేవి, రేవులో కట్టేసిన పడవలో మనిషి కాలు పెడితే అది ఒరిగి లేచినట్టు. వీణ మీద అంతకాలం కూచున్నా అలాంటి ఊపు నేనెరగను. పాట ఆగిన ప్రతిచోటా కడ్డీ మీద చెయ్యి వేసేదాన్ని, జనం చప్పట్లు కొట్టేవారు, ఇరవయ్యేళ్ళ పిల్లని, నేల మీద నిలబడేదాన్ని కాదు.

మండపేటలో ఒక రైస్ మిల్లు యజమానిగారింట పెళ్ళికి పిలిచారు. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం కడిగించి అక్కడే స్టేజీ కట్టారు. ఉడికిన వడ్ల వాసనా, పందిట్లో మల్లెపూల వాసనా కలిసి గాలి బరువుగా ఉండేది. బంధువులు, మిల్లు పనివాళ్ళు, లారీల వాళ్ళు, పిల్లలు, అందరూ కళ్ళం చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. రెండో పాట చరణం మధ్యలో, అన్నయ్య పైస్థాయి అందుకున్న క్షణాన, నా వేలికింద సన్నతీగ తెగింది. తెగితే తెగింది, మిగిలిన తీగల మీద నెట్టుకొద్దామనుకున్నాను. కానీ లాగే తీగల్లో ఒకటి తగ్గేసరికి వెనక స్ప్రింగులది పైచేయి అయి, బ్రిడ్జి వెనక్కి వాలిపోయి, తక్కిన తీగలన్నీ ఒక్కొక్కటి ఒక్కో లెక్కన శ్రుతి పెరిగిపోయాయి. నేను వేలు పెట్టిన ప్రతిచోటా అపస్వరమే పలికింది. అన్నయ్యకి నా గిటారు వింటూ పాడడం అలవాటు, తెలియకుండానే దాని వెంట పైకి వెళ్ళాడు. కీబోర్డు ఒక దారి, అన్నయ్య ఒక దారి. గొంతు జీరబోయి పాట మధ్యలో ఆగిపోయింది.

జనంలోంచి ఎవరో "పిల్లి తోక తొక్కేశారండోయ్!" అన్నారు. కళ్ళమంతా నవ్వు.

నేను తీగలు బిగించే బిరడలు తిప్పడం మొదలుపెట్టాను. ఒక తీగ సరిచేస్తే అప్పటికే సరిచేసిన తీగ చెడిపోయేది. అలా తిప్పుతూనే ఉన్నాను. పెళ్ళికూతురి తండ్రిగారు స్టేజీ దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా అన్నయ్యతో, "పర్లేదండి, మేళం వాళ్ళున్నారు, వాళ్ళు అందుకుంటారు. మీరు పాపం అలిసిపోయుంటారు, భోంచేసి వెళ్దురుగాని రండి" అన్నారు. ఆయన కసురుకున్నా బావుండేది. విస్తళ్ళ ముందు కూచోబెట్టి పక్కనే నిలబడి కొసరి కొసరి వడ్డించారు. బూరె మీద నెయ్యి పోసి, "తినండమ్మా, మొహమాటపడకండి" అన్నారు నాతో. ఆ బూరె మీదుగానే విస్తరి మడిచేసి లేచాను.

అందరం వ్యానులో తిరుగుముఖం పట్టాం. రాజమండ్రిలో దిగిపోయే ముందు కీబోర్డు వాయించే ఆయన అన్నయ్యని పక్కకి పిలిచాడు గానీ మాటలు నాకు వినబడ్డాయి.

"మరోలా అనుకోకండి గురువుగారూ. దసరాకి రాజమండ్రి పందిరి మనకి రాకరాక వచ్చింది. చెల్లెమ్మగారు ఇంటి దగ్గరుంటేనే మంచిదండి."

మర్నాడు అన్నయ్య నా గదిలోకొచ్చి గోడవైపు చూస్తూ చెప్పాడు.

"ఆ బ్రిడ్జిని కదలకుండా బిగించెయ్. కడ్డీ తీసి పారెయ్. అలా అయితేనే నువ్వు దసరాకి వస్తావు."

"కదలకపోతే అందులో ఇంకేముంది అన్నయ్యా? చెక్కబల్ల!" అన్నాను.

"పోనీ చెక్కబల్లే వాయించు. నిన్న అంతమంది నవ్వుతుంటే నేనెలా నిలబడ్డానో నీకు తెలీదు" అని వెళ్ళిపోయాడు.

నేను మూడంకె వేసి పడుకున్నాను. నాన్నగారు తలుపు దగ్గర ఆగి, "సరదా తీరింది కదమ్మా, ఇక బ్యాంకు పరీక్ష పుస్తకాలు తియ్యి" అన్నారు. కోపంగా కాదు, ఊరటగా అన్నారు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. రోజులు గడుస్తున్నాయి, దసరా దగ్గరపడుతోంది, నేనూ అన్నయ్యా ఒకే ఇంట్లో ఒకరి నీడ ఒకరు తప్పించుకుని తిరుగుతున్నాం. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ అంత ఎడం ఎప్పుడూ లేదు.

అప్పటిదాకా గిటారు సంగతిలో ఒక్క మాట కూడా కలగజేసుకోని అమ్మ, ఒక మధ్యాహ్నం పిల్లల పాఠం అయ్యాక నా గదిలోకొచ్చి గిటారు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, వీణ పట్టుకున్నట్టే పట్టుకుని కూచుంది. కడ్డీ ముట్టుకోలేదు. వేలు ఒక మెట్టు మీద ఆన్చి, మీటి, తీగని పక్కకి లాగింది. స్వరం కదిలి పై స్వరాన్ని తాకి మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను మంచం మీద లేచి కూచున్నాను. అమ్మ మళ్ళీ లాగింది, ఈసారి శ్రుతి కోసం పక్క తీగ కూడా మోగిస్తూ. మొహం చిట్లించింది.

"ఏమే, నేను ఈ తీగ లాగుతుంటే ఆ తీగెందుకు దిగిపోతోంది?"

"బ్రిడ్జి కదులుతుంది కదమ్మా. ఒకటి లాగితే అదంతా ముందుకి వంగుతుంది."

"మరి వంగనివ్వడమెందుకు? వీణకి తీగలు ఆనే పీట ఊగులాడితే నేను గమకం ఎలా వేస్తాను?" అని, గిటారు నా పక్కన పెట్టి, "కడ్డీతో ఊపితే అన్నీ కలిసి ఊగుతాయి, అది ఒక్కటే తెలుసు దానికి. నీ వేలికి ఎన్ని తెలుసో నాకు తెలుసు. నేనే కదా నేర్పింది" అంది. అని, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని లేచి వెళ్ళింది.

నేను ఇంకాసేపు అలిగే ఉండేదాన్నేమో గానీ చేతులు ఊరుకోలేదు. వెనక మూత స్క్రూలు విప్పితే లోపల స్ప్రింగులు, బ్రిడ్జి అడుగు నుంచి దిగి వాటికి తగులుకున్న ఇనప దిమ్మ కనబడ్డాయి. బ్రిడ్జి ముందుకి వంగినా వెనక్కి వాలినా ఆ దిమ్మ ఆ డొల్లలో అటూ ఇటూ కదలాల్సిందే. దానికి రెండు పక్కలా ఉన్న సందుల్లో చెక్క దిగ్గొడితే ఇక ఎటూ కదలదు. ముందు ఒక మామిడిపళ్ళ పెట్టె చెక్క చెక్కి పెట్టాను, అది మెత్తనిదై తీగలు బిగించగానే నలిగిపోయింది. తరవాత పక్కింటివాళ్ళు తలుపులు చేయించగా మిగిలిన టేకు ముక్క అడిగి తెచ్చి, ఆకురాయితో అరగదీసి, పెట్టి చూసి, తీసి, మళ్ళీ అరగదీసి, వేళ్ళు బొబ్బలెక్కాక రెండు ముక్కలూ రెండు వైపులా బిరుసుగా కూచున్నాయి. కడ్డీ ఊడదీశాను. తీగలన్నీ శ్రుతి చేసి, సన్నతీగని కావాలనే వదులు చేసేసి మిగతావి మీటాను. ఎక్కడివక్కడ ఉన్నాయి. సంతోషించాల్సింది పోయి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ పడవ ఊపు ఇక లేదని నాకు తెలుసు.

సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి నేను వరండాలో కూచుని, తీగ లాగి గమకాలు వేస్తూ, వాడు రాజమండ్రిలో పాడదామనుకుంటున్న పాట వాయిస్తున్నాను. సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి, మెట్ల మీద కూచుని పల్లవి ఎత్తుకున్నాడు. మా సంధి అంతే.

రాజమండ్రి పందిట్లో మేం కూచున్నచోటి నుంచి చూస్తే జనం వీధి మలుపు దాటి ఇంకా ఉన్నారు. నాన్నగారూ అమ్మా ముందు వరసలో ఉన్నారు, నాన్నగారు గొడుగు రెండు చేతులతో పట్టుకుని పరీక్ష హాల్లో కూచున్నట్టు కూచున్నారు. కచేరీ మంచి పాకాన పడ్డాక మళ్ళీ తెగింది తీగ. కానీ మిగతా తీగలు చెక్కుచెదరలేదు, నేను స్వరాలు కింది తీగల మీదికి దించుకుని, లాగి, గమకం వేసి, అన్నయ్య చరణానికి అందించాను. వాడు కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. దిగాక నా దగ్గరికొచ్చి, "చూశావా, ఇవాళ తీగ తెగకుండా అమ్మవారు కాపాడింది" అన్నాడు. తెగిన తీగ గిటారు మీంచి జడకుచ్చులా వేలాడుతోంది, వాడింకా చూడలేదు. కీబోర్డు ఆయన చూసి పకపకా నవ్వాడు. నాన్నగారు దారిలో అరటిపళ్ళు కొని ముందు నాకు ఇచ్చారు.

తరవాత కొన్నాళ్ళు అన్నయ్యతో చాలా ఊళ్ళు తిరిగాను. బ్యాంకు పరీక్షా పాసయ్యాను, పెళ్ళయింది, బదిలీలయ్యాయి. అన్నయ్యకి ఆలస్యంగా బడి ఉద్యోగం వచ్చింది. ముందే రికార్డు చేసిన సంగీతం పెట్టుకుని పాడే రోజులొచ్చాక వాడు స్టేజీ ఎక్కడం మానేశాడు. ఎవరి చేతులూ లేకుండా వచ్చే వాద్యం వెంట పాడడం తనకి చేతకాదనేవాడు.

అమ్మ ఆఖరి రోజుల్లో వేళ్ళు వంకర్లు పోయి వీణ మీటలేకపోయేది. నేను సెలవు పెట్టి వెళ్ళినప్పుడు ఒకసారి గిటారు తెమ్మంది. దాన్ని మోగించే పెట్టె ఎప్పుడో పాడైపోయింది, కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు శబ్దం ఎంతని, దోమ పాడినంత. వినబడదమ్మా అన్నాను. నువ్వు వాయించు, నేను జరుగుతాలే అంది. మంచం మీద మెల్లగా జరిగి, తల తెచ్చి గిటారు చెక్కకి ఆనించి, కళ్ళు మూసుకుంది. నేను ఆవిడకి ఇష్టమైన రాగం వాయించాను. ఆవిడ ఊపిరి నా చేతికి తగులుతుంటే ఎంత మెల్లగా వాయించగలనో అంత మెల్లగా వాయించాను.

ఆదివారం కోడలి గిటారుకీ అలాగే చెక్క బిగించి ఇచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో ఏ గదిలో ఏ పాట కావాలన్నా గోడలు అదిరేటంత స్పష్టంగా వినబడుతుంది. ఎవరికి వాళ్ళు చెవుల్లో పెట్టుకుని వినే సదుపాయమూ ఉంది. అన్నీ బావున్నాయి, కాదనను. వినడం కోసం ఒక మనిషి దగ్గరికి ఇంకో మనిషి జరగాల్సిన అవసరమే ఎవరికీ రావడం లేదు.