బుధవారం ట్రే

పద్దెనిమిదేళ్లుగా ఒక వృద్ధుల హోంలో ముప్పై నాలుగు మందికి వండి పెడుతున్నాను. ఒక్క పూట కూడా భోజనం ఆలస్యం కాలేదు. నా నోరు కొంచెం దురుసు అంటారు, నిజమే. ఎవరైనా వంటింట్లోకి వచ్చి నా గరిటె ముట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వంట గురించి నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరు మొదటినుంచీ ఉంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ పొగరు దిగిపోయిన రోజు సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

బుధవారం మధ్యాహ్నం మా హోంలో కూరగాయల బేక్. కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్ ఉడికించి పెద్ద ట్రేలో పరిచి, పైన చీజ్ సాస్ పోసి ఓవెన్‌లో పెడతాను. పళ్లు లేనివాళ్లకి కూడా మెత్తగా దిగిపోతుంది. ఇది నాకు నేర్పింది మా అక్క. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకి పదిహేడు. ఎవరింట్లోనో వంటపని చేసి నన్ను పెంచింది, ఈ బేక్ అక్కడే నేర్చుకుంది. నాకు జ్వరం తగ్గిన రోజున, పరీక్ష తప్పిన రోజున, ఏమీ అడక్కుండా ఈ బేక్ చేసి వేడివేడిగా నా ముందు పెట్టేది. "వెన్నలో మైదా పచ్చివాసన పోవాలే, రంగు మాత్రం రాకూడదు. పాలు ఒక్కసారే కుమ్మరించకు, ఉండలు కడుతుంది" అనేది. చీజ్ తురుము మంట ఆర్పేశాకే వేయాలి. ఉడికిన ముక్కలు బట్ట మీద ఆరబెట్టాలి, లేకపోతే నీరు ఊరి సాస్ పలచబడిపోతుంది. వీటిలో ఒక్కటి కూడా నేను మర్చిపోలేదు. సాస్‌కి వంక పెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు.

నేను మార్చింది సాస్ కింద ఉండేవాటిని.

మొదట్లో తప్పేం లేదు. ముందురోజు మిగిలిన ఉడికించిన క్యారెట్, కాలీఫ్లవర్ కాడలు, అలాంటివి వేసేదాన్ని. ఒకసారి వార్డెనమ్మ చెత్తబుట్టలోకి తొంగి చూసి, "ఏదీ వృథా పోనివ్వవు నువ్వు" అని అందరి ముందు మెచ్చుకుంది. ఆ మెప్పు నా తలకెక్కింది. పోను పోను వాడిపోయిన బీన్స్ వచ్చాయి. నల్లమచ్చలు గీకేసిన కాలీఫ్లవర్ వచ్చింది. జిగురు పట్టిన క్యారెట్‌ని రెండుసార్లు కడిగి వేయడం కూడా వచ్చింది. వాసన తెలియకుండా మిరియాల పొడి, ఆవపొడి కాస్త ఎక్కువ తగిలించేదాన్ని. పైన బ్రెడ్ పొడి చల్లి ఎర్రగా కాలిస్తే కింద ఏముందో దేవుడికి కూడా తెలియదనుకున్నాను. ఎవరికీ జబ్బు చెయ్యలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ట్రేలోంచి నేను మాత్రం ఎప్పుడూ తినలేదు.

మొన్న అక్క స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆరువారాలు మెట్లెక్కకూడదన్నారు. నేనుండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. వార్డెనమ్మని బతిమాలి అక్కని హోంలోనే చేర్పించాను. కిటికీ పక్క బల్ల దగ్గర, ఒకప్పుడు టైలర్ పని చేసిన తాతగారికీ, రిటైరైన టీచరమ్మకీ మధ్య కూర్చునేది. వచ్చిన పూటే బల్లలన్నిటికీ వినబడేలా చాటేసింది, "మా చెల్లి వంట తింటున్నారు, మీరు అదృష్టవంతులు" అని. అందరూ పళ్లేల్లోకి తలలు వంచుకున్నారు. అక్కకి చెముడు వచ్చిందేమో, అంత గట్టిగా చెబుతోందని నేను విసుక్కున్నాను.

బుధవారం వచ్చింది. పొద్దున్నే దార్లో ఒక చిన్న కాలీఫ్లవర్ కొన్నాను. తుంచుతుంటే పెళుసుగా, తెల్లగా ఉంది. అక్కకి వేరేగా ఒక గాజు గిన్నెలో పెట్టాను. పక్కనే పెద్ద బేసిన్‌లో ట్రేకి తీసిన ముక్కలు. రెండూ అలా పక్కపక్కన కనిపించేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆపలేదు. గంటలో భోజనం, ఇప్పుడు మళ్లీ ఏం చెయ్యను అనుకున్నాను. చెయ్యాలనుకుంటే బంగాళాదుంపలు బస్తా నిండా ఉన్నాయి.

అందరికీ ట్రేలోంచి వడ్డించాను. గాజు గిన్నె తెచ్చి అక్క ముందు పెట్టాను.

"ఇదేంటే, నాకు వేరేగా?" అంది.

"నీకు ఉప్పు తక్కువ వేశాను."

"నాకు ఉప్పు తగ్గించమని ఎవరన్నారు? ఈయనకే బీపీ అట. తాతగారూ, మీరిది తినండి." నేను చెయ్యి అడ్డుపెట్టేలోపే గిన్నె ఆయన ముందుకు జరిపి, ఆయన పళ్లెం తన ముందుకు లాక్కుంది. చెంచా అడుగుదాకా గుచ్చి పైకెత్తింది. సాస్ కిందనుంచి గోధుమరంగు తిరిగిన క్యారెట్ ముక్క బయటికొచ్చింది. అది అక్క నోటిదాకా వెళ్లింది.

"అక్కా, అది తినకు."

వంటింట్లోంచి కేకలేసి అలవాటైన గొంతు నాది. హాలంతా వినబడింది.

టీచరమ్మ నా వైపు తిరిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "మరి మేం తినొచ్చా అమ్మా?"

అక్క నా ముఖం చూసింది. చెంచాని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పళ్లెంలో పెట్టేసింది. నలభై ఏళ్లు వంట చేసిన మనిషి, ఆమెకి చెప్పాల్సిన పనేముంది?

తాతగారే నన్ను ఆదుకోబోయారు. "పర్లేదులే తల్లీ. మేం పైపొర తింటాం, సాస్ బాగుంటుంది. అడుగున బాగాలేనివి పక్కన పెట్టేస్తాం."

"ఎన్నాళ్లనుంచి తాతగారూ?"

"చాన్నాళ్లయింది. నీతో అంటే కోప్పడతావని ఎవరం అనలేదు."

నన్ను తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. తాతల వయసు మనుషులు నా నోటికి జడిసి, కుళ్లిన ముక్కలు పళ్లెం అంచున చడీచప్పుడు లేకుండా పేర్చుకుంటూ ఇన్నేళ్లు తిన్నారు.

అక్క బల్ల పట్టుకుని లేవబోయింది, నొప్పికి మళ్లీ కూలబడింది. కూర్చునే అందరి వైపూ తిరిగి, "దాన్ని పెంచింది నేను. నన్ను క్షమించండి" అంది.

బంగాళాదుంపలు ఉడకబెట్టి తెస్తానని చెప్పి పళ్లాలు తియ్యడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వంగి తీయాల్సి వచ్చింది. ముగ్గురు నలుగురు పళ్లెం అంచు పట్టుకుని, "తింటున్నానమ్మా, బాగానే ఉంది, ఉండనీ" అన్నారు. జాలితో అన్నారో భయంతో అన్నారో అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.