పనిమనిషి గది

ఈ దేశానికొచ్చి క్రెయిగీబర్న్‌లో మేం ఇల్లు కట్టుకున్న హౌసింగ్ ఎస్టేట్ ఒకప్పుడు ఒకే కుటుంబానికి చెందిన పొలం. మా వీధి చివర చిన్న వాగు ఉంది. వాగు అవతల పైన్ చెట్ల మధ్య వాళ్ల పాత నల్లరాతి ఇల్లు. కడప జిల్లాలో పుట్టినదాన్ని, నల్లరాయి నాకు కొత్త కాదు. అయినా సాయంత్రం వాకింగ్‌కు పోయినప్పుడల్లా కంచె దగ్గర నిలబడి దాన్ని చూసేదాన్ని. కిటికీలకు చెక్కలు కొట్టి ఉండేవి, రేకుల కప్పు తుప్పు పట్టి ఉండేది. ఎస్టేట్ బోర్డు మీద మాత్రం అదే ఇంటి బొమ్మ అందంగా గీసి ఉండేది.

నేను హోమ్ కేర్‌లో పని చేస్తాను. వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులివ్వడం, టిఫిన్ పెట్టడం, ఇల్లు ఊడ్చడం నా పని. అలా నాకు అప్పగించినవాళ్లలో ఎనభై తొమ్మిదేళ్ల ఆవిడ ఒకరు. షాపింగ్ సెంటర్ దగ్గర చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేది. మొదటిరోజే పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు. ఆంటీ అంటానన్నాను. నీ ఇష్టం అంది.

కొన్ని నెలలు పోయాక ఒక ఉదయం, గంజిలాంటి ఓట్స్ తింటూ, నేనెక్కడ ఉంటానని అడిగింది. ఎస్టేట్ పేరు చెప్పాను. చెంచా ఆగిపోయింది.

"ఏ వీధి?"

చెప్పాను.

"అక్కడ మా గొర్రెల షెడ్ ఉండేది. ఉన్ని కత్తిరించేవాళ్లు. మీ వంటిల్లు ఎటు వైపు?"

"తూర్పు, ఆంటీ."

"అదృష్టవంతురాలివి. మా వంటిల్లు షెడ్‌కు గాలివాటున ఉండేది. వేసవంతా గొర్రెల కంపే" అని పకపకా నవ్వింది.

ఆ రాతి ఇంటి కుటుంబంలో మిగిలిన కూతురు ఆవిడేనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత స్నానం చేయిస్తున్నప్పుడు, జుట్టు ఆరబెడుతున్నప్పుడు కొంచెం కొంచెంగా చెప్పేది. ముత్తాత స్కాట్లాండ్ నుంచి భార్యతో ఓడెక్కి వచ్చాడు. రాయి కొట్టే పనివాడు. మొదటి చలికాలం చెట్టు బెరడుతో వేసుకున్న గుడిసెలోనే గడిపారు. గొంతు జబ్బు వచ్చి ఇద్దరు పిల్లలు ఒకే వారంలో పోయారు. ఆ తర్వాతే ఆయన వాగు గట్టున రాయి తీసి ఇల్లు మొదలుపెట్టాడు.

"ఆయన రాయి కొట్టాడు, నిజమే" అనేది. "సున్నం కలపడానికి నీళ్లు మోసిందెవరో ఎవరూ రాయలేదు."

తన సంగతి చివరికి చెప్పింది. పంతొమ్మిదో ఏట తల్లి పోయింది. తండ్రికి, తమ్ముడికి వండి పెట్టడానికి ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. ఒక బడిపంతులు పెళ్లి చేసుకుంటానన్నాడు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అంటూ ఉండగానే అతను వేరే ఊరికి బదిలీ అయిపోయాడు. తమ్ముడు పెళ్లి చేసుకుని బెండిగో దగ్గర స్థిరపడ్డాడు. ఆవిడకు మిగిలింది కట్టెల పొయ్యి, మంచంలో ఉన్న తండ్రి, ఆ రాతి ఇల్లు. వంటింట్లోకి కుళాయి వచ్చింది ఆవిడకు నలభై దాటాకే. తండ్రి పోయాక ఎస్టేట్ కట్టేవాళ్లు వచ్చి పొలం అడిగారు. తమ్ముడు ఉంచుదామన్నాడు, ఆవిడ అమ్ముదామంది. చివరికి అమ్మారు. నువ్వు మన వంశాన్నే అమ్మేశావని తమ్ముడు మాట మానేశాడు. అలా మాట్లాడకుండానే పోయాడు.

ఇదంతా విన్న కొద్దిరోజులకు కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మున్సిపాలిటీ నుంచి, ఆంటీకి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్లుగా చేస్తున్న రాతి ఇంటి మరమ్మతు పూర్తయింది, జనం చూడటానికి తెరుస్తున్నాం, మీరొచ్చి రిబ్బన్ కత్తిరించాలి అని. ఆంటీ దాన్ని బిస్కెట్ డబ్బా కింద తోసేసింది.

"నేను రానని రాసి పంపు."

"మీ ముత్తాత కట్టిన ఇల్లు కదా ఆంటీ, గర్వంగా ఉండదా?"

"ఆ ఇల్లంటే అందరికీ ఇష్టమే" అంది నా వైపు చూడకుండా. "ఇష్టమున్నవాళ్లలో ఒక్కరైనా దాన్ని ఊడ్చారా?"

నాకు సిగ్గేసింది. రోజూ కంచె దగ్గర నిలబడి బొమ్మను చూసినట్టు చూశానే గాని, లోపల ఎవరి నడుం విరిగిందో ఒక్కసారీ అనుకోలేదు. నేను రోజూ ఇంకొకరి ఇల్లు ఊడ్చేదాన్నే అయ్యుండి కూడా.

రెండు వారాలకు ఆవిడే అడిగింది: "ఎవరూ లేనప్పుడు ఒకసారి తీసుకెళ్తావా?"

ఆఫీసులో అనుమతి తీసుకుని, కౌన్సిల్‌కు ఫోన్ చేసి, ఒక మంగళవారం ఉదయం తీసుకెళ్లాను. కౌన్సిల్ అమ్మాయి తాళం తీసింది. ముందు గదిలో ముగ్గురు మగవాళ్ల ఫొటోలు, మూడు పెద్ద బోర్డులు. ఓడలో వచ్చినవాడు, ఇంటికి గదులు కలిపినవాడు, మంచి జాతి గొర్రెలు పెంచినవాడు. ఆంటీ వాకర్ తోసుకుంటూ వాటిని దాటింది. వంటింట్లో పొయ్యి తళతళ మెరుస్తోంది.

"ఇది ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు" అంది.

వంటింటి వెనక ఒక ఇరుకు గది. ఇనుప మంచం, ఒక కుర్చీ. తలుపు పక్కన కార్డు మీద రాసి ఉంది: పనిమనిషి గది.

ఆంటీ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇది నా గది."

కౌన్సిల్ అమ్మాయి తడబడింది. "ఇలాంటి ఇళ్లలో వంటింటి పక్క గది మామూలుగా పనివాళ్లదే..."

"మా ఇంట్లో పనిమనిషి ఎప్పుడూ లేదమ్మా. నాన్న పిలిస్తే వినబడాలని పై గది వదిలేసి ఇక్కడికి వచ్చాను. ముప్పై ఏళ్లు ఇక్కడే పడుకున్నాను."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కార్డు ఊడదీసి జేబులో పెట్టుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాగి, "కూర్చుని చెబుతారా? రాసుకుంటాను" అంది.

గంటన్నర కూర్చున్నాం. జామ్ సీసాలు ఆరబెట్టిన కిటికీ గట్టు, ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లగా ఉంటుందని పడుకుని పుస్తకాలు చదివిన రాతి నేల, అన్నీ చూపించింది. ఆ నేల గురించి చెప్పేటప్పుడు గొంతు మెత్తబడింది. ఇల్లంటే ద్వేషమే అనుకున్నాను గాని, అంత సులువు కాదని అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అంది: "తమ్ముడన్నది అబద్ధమేం కాదు. నేనే అమ్మాను. సంతకం పెట్టి బయటికొచ్చి ఒక్కదాన్నే ఐస్‌క్రీం తిన్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

"మీరు సంతకం పెట్టబట్టే మాకు ఇల్లొచ్చింది ఆంటీ."

ఆంటీ నా వైపు తిరిగింది. "నీ కూతురికి సొంత గది ఉందా?"

"ఉంది."

"వంటింటికి దూరంగానేనా?"

"మేడ మీద."

"మంచిది" అని కళ్లు మూసుకుంది.

ఇల్లు తెరిచే రోజు రానంటూనే వచ్చింది, నీలం కోటు వేసుకుని. నేను సెలవు పెట్టి మా అమ్మాయిని తీసుకెళ్లాను. మొదట, తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఈ నేల మీద ఉన్న ఆదివాసుల పెద్దావిడ ఒకరు తమ ఆచారం ప్రకారం ఆకులు కాల్చి పొగ వేసి అందరినీ ఆహ్వానించారు. ఆంటీ నా చెవిలో, "మా ముత్తాత వచ్చేసరికి వాగు గట్టున వీళ్లే ఉన్నారు. ఆయన రోజూ రాసుకున్న నోటుపుస్తకంలో వీళ్ల గురించి ఒక్క ముక్క లేదు" అంది. రిబ్బన్ ఆ పెద్దావిడా తనూ కలిసి కత్తిరించాలని పట్టుబట్టింది. అలాగే చేశారు.

ఇరుకు గది బయట కొత్త కార్డు ఉంది. ఈ ఇంటి కూతురు ఇక్కడ ఉండి తండ్రిని చూసుకుందని, ఇంటిపని, పాడి అంతా ఆవిడ, అంతకుముందు ఆవిడ తల్లి చేశారని రాశారు. మా అమ్మాయి లోపలికి తొంగి చూసి, "సో స్మాల్, మమ్" అంది. మా వెనకే టోపీ చేతిలో పట్టుకుని అరవై ఏళ్ల మనిషి ఒకాయన కార్డు చదువుతున్నాడు. కౌన్సిల్ అమ్మాయి ఉత్తరం రాసి పిలిపించిందట. ఆంటీ తమ్ముడి కొడుకు.

"నాన్న ఈ గది గురించి ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

"మీ నాన్నకు తెలీదు. వంటింటి బల్ల దాకా వచ్చేవాడు, తినేవాడు, వెళ్లేవాడు."

ఆయన టోపీ అంచు తిప్పాడు. "చివర్లో నీ నంబర్ ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకున్నాడు. చేస్తాననేవాడు, చేసేవాడు కాదు."

"నా దగ్గరా వాడి నంబర్ ఉండేది" అంది ఆంటీ. చెయ్యి చాపింది. "నన్ను వరండాలోకి తీసుకెళ్లు. నిలబడలేకపోతున్నాను."

ఆ మధ్యాహ్నం చాలాసేపు వాళ్లిద్దరూ వరండా బల్ల మీదే కూర్చున్నారు. నేను దగ్గరికి పోలేదు.

మరుసటి ఏడు ఆంటీ తుంటి విరిగింది. ఒంటరిగా ఉండటం కుదరక, మేనల్లుడికి దగ్గరగా బెండిగోలో ఒక ఓల్డేజ్ హోమ్‌కు మారింది. నా షిఫ్టు ఇంకొకరికి పోయింది. సెలవుల్లో ఒకసారి మేం చూడటానికి వెళ్లాం. తలుపు తీసేసరికి మేనల్లుడు మంచం పక్కన కుర్చీలో ముందుకు వంగి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, ఆంటీ గోళ్లు కత్తిరిస్తున్నాడు. ఒక్కో గోరుకు ఒక్కో నిమిషం పడుతోంది. చిటికెన వేలి గోరు సగం వదిలేశాడు. రెండేళ్లు ఆ పని చేసిన చెయ్యి నాది, కత్తెర అందుకోబోయాను. ఆంటీ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.