టేపు సార్ నాలుగో కొలత

టేపు సార్ దేన్నైనా నాలుగుసార్లు కొలవనిదే నమ్మరు. మొదటిసారి వచ్చేది అంచనా అట, రెండోసారి అనుమానం, మూడోసారి అభిప్రాయం. నాలుగోసారి వచ్చినదాన్నే ఆయన కొలత అంటారు. ఒకసారి పళ్ల డాక్టరు నోరు తెరవమంటే, "ఎంత?" అని అడిగారని ఆయన భార్యే నవ్వుతూ చెబుతుంది.

పురపాలక కార్యాలయంలో ఆయన ప్లానింగు అధికారి. ఇళ్ల మధ్య ఎవరు క్లబ్బు పెట్టినా, వ్యాయామశాల తెరిచినా, పెరట్లో నాలుగు గీతలు గీసి ఆటస్థలమన్నా ముందు ఆయన టేపు దాటి రావాలి. ఆ టేపుకి రెండో కొస పట్టుకునే పని గుమాస్తాది. ఫైళ్లు రాయాలని చెప్పి ఉద్యోగమిచ్చారు గానీ, పదకొండేళ్లుగా ఆవిడ నేలమీదికి వంగి సున్నా దగ్గర వేలు పెట్టి కూర్చున్నదే ఎక్కువ.

"గోడ ఎక్కడికీ నడిచిపోదు కదా సార్!" అని విసుక్కునేది.

"గోడ నడవదమ్మాయ్. మన కన్ను నడుస్తుంది. గట్టిగా పట్టుకో."

ఒకరోజు వచ్చిన ఫిర్యాదుని గుమాస్తా రెండుసార్లు చదివింది. రిటైరైన డ్రిల్లు టీచరమ్మ తన పెరట్లో షటిల్ కోర్టు గీసుకుంది. సాయంత్రాలు పన్నెండుమంది ఆడవాళ్లు అక్కడ ఆడతారు. రాత్రి డ్యూటీకి వెళ్లేముందు కాసేపు కునుకు తీసే పక్కింటి పేపరు ప్రెస్సు మేస్త్రి, ఆ గోల భరించలేను, తీయించండని రాశాడు. ఆట గీతకీ పక్కింటి గోడకీ మధ్య పదిహేను అడుగులుండాలని నియమం.

ఆ పన్నెండుమందిలో గుమాస్తా అత్తగారు ఒకరు. మావగారు పోయాక రెండేళ్లు గది దాటని మనిషి. ఆటలో చేరాక మాత్రం సాయంత్రమైతే చాలు, నా బూట్లేవని ఇల్లు పీకి పందిరేసేది. ఆ కేకలు వింటుంటే గుమాస్తాకి ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఆట ఆగిపోతే ఆవిడ మళ్లీ గదిలోకి వెళ్లిపోతుందని ఆమె భయం.

"వడ్డించేవాళ్లు మనవాళ్లైతే కడబంతైనా ఫరవాలేదంటారు. టేపు పట్టేది నువ్వే కదే, కాస్త చూసుకో" అంది అత్తగారు.

"ఆయన దగ్గర నా పప్పులుడకవు అత్తయ్యా."

అయినా ఆశ చావదు. మర్నాడు పెరట్లో టేపు సార్ గోడ దగ్గర నిలబడగానే, గుమాస్తా తన కొసని గీత మీద కాకుండా జానెడు దాటించి లోపల పెట్టింది.

"అమ్మాయ్, గీత అక్కడుంది. నీ బొటనవేలు ఆటలోకి దిగింది" అన్నారాయన, తలెత్తకుండానే.

ఆమె గబుక్కున వేలు గీత మీదికి జరిపింది. మళ్లీ కొలిచారు. పదమూడడుగుల నాలుగంగుళాలు. మూడోసారీ అంతే.

"చూశారా! నేను చెప్పలేదూ!" అన్నాడు మేస్త్రి. టీచరమ్మ నెట్టు విప్పడానికి వెళ్లింది.

"ఆగండమ్మా, ఇంకోసారుంది" అని టేపు సార్ పెరట్లో రెండోవైపుకి నడిచారు. అటు పక్కన ఇళ్లేమీ లేవు, పూలకుండీల వెనక నాలుగడుగుల నేల ఖాళీగా ఉంది. "కోర్టు ఏమన్నా సిమెంటా? సున్నం గీతే కదా, రెండడుగులు ఇటు జరగదా?"

చొక్కా చేతులు మడిచి కుండీలన్నీ తానే మోశారు. మోకాళ్ల మీద కూర్చుని కొత్త గీతలు గీశారు. తర్వాత టేపు పట్టుకుని నేరుగా మేస్త్రి పడగ్గదిలోకి దూరారు.

"దిండుకీ కిటికీకీ రెండడుగులేనయ్యా! మంచం ఆ మూలకి లాగితే పదకొండొస్తుంది."

"నియమంలో మంచం సంగతి లేదు కదండీ?"

"నీ నిద్రలో ఉందిగా. ఓ చెయ్యి వెయ్యి."

మంచం జరిగింది. ఆటని మేస్త్రి డ్యూటీకి బయల్దేరాకే మొదలుపెడతామని టీచరమ్మ తనే అంది. మేస్త్రి ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దారిలో గుమాస్తా ఉండబట్టలేక అడిగింది. "మొదటి కొలతకే కూడదని రాసేస్తే పనైపోయేది కదా సార్?"

"కూడదనడానికి ఒక్కసారి చాలమ్మాయ్. సరే అనడానికే నాలుగుసార్లు పడుతుంది."

గుమాస్తాకి అప్పుడు పాత ఫైళ్లు గుర్తొచ్చాయి. క్యారమ్స్ క్లబ్బు తలుపు వీధివైపు తిప్పించారు. వ్యాయామశాల మోటారు వెనక్కి పెట్టించారు. పదకొండేళ్లలో ఆయన మూయించినవి లెక్కపెడితే ఒక చేతివేళ్లే ఎక్కువ. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు ఆమెకి తనమీద తనకే కోపమొచ్చింది.

ఆ రాత్రి అత్తగారు చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి బూట్లు విప్పింది.

"మీ సారు బంగారంలాంటి మనిషేనే. కానీ ఆ వెనక గీత అరంగుళం వంకరపోయింది. నే కొట్టింది లోపల పడ్డా అవుటన్నారు."

"అమ్మో, ఆ మాట ఆయన చెవిన పడనివ్వకండి అత్తయ్యా. రేపు మీ ఆట సగంలో ఆపించి కొలుస్తారు" అంది గుమాస్తా.

"కొలవనీ! రమ్మను. ఆ రెండో కొస నేను పట్టుకుంటా" అంది అత్తగారు.