అమ్మకు ఒక అక్క ఉంది

కన్నవారెవరో తెలియని బిడ్డను చెయ్యి పట్టి పెంచి, నాకు అమ్మగా ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఆయన చేసిన మేలు తలుచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టలేను.

మా అమ్మ రేపల్లెలో మిషన్ హాస్టల్లో పెరిగింది. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు నాలుగేళ్లు ఉంటాయని హాస్టల్ వాళ్లు అంచనా వేశారు. బాప్తిస్మపు రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లు రాయలేదు. ఇంటిపేరు వార్డెనమ్మగారిదే పెట్టారు. కుటుంబ ప్రార్థనలో బైబిలు వాక్యం చదివేటప్పుడు వంశావళి వస్తే మేమంతా నాలుగు పేర్లు దాటేస్తాం. అమ్మ ఒక్క పేరూ వదలదు. వేలు పెట్టి, తండ్రి తరువాత కొడుకును, నెమ్మదిగా చదువుతుంది.

ఆమెకు గుర్తున్నది ఒక్క అక్క. పేరు గుర్తులేదు, ముఖమూ గుర్తులేదు. నీళ్లలో తనను తువ్వాలుతో నడుముకు కట్టుకుందట. తరువాత ఏదో ఊళ్లో ఒక బడి వరండాలో కూర్చోబెట్టి, అన్నం పొట్లం తెస్తానని వెళ్లింది. ఈలోగా ఎవరో వచ్చి చిన్నపిల్లలను బండి ఎక్కించి రేపల్లె హాస్టల్‌కు చేర్చారు.

"కదలొద్దని చెప్పింది. నేనే కదిలాను" అంటుంది అమ్మ, ఇప్పటికీ.

నాన్న పోయాక అమ్మ బాపట్ల నుంచి తెనాలికి, నా దగ్గరికి వచ్చింది. ఉమ్మి పంపిస్తే రక్తసంబంధం ఉన్నవాళ్లను చూపించే డీఎన్ఏ పరీక్ష ఒకటి ఉందని నేను పనిచేసే బడిలో సైన్స్ టీచరు చెప్పింది. ఆ రోజే ఆర్డరు పెట్టాను. చిన్న గొట్టం వచ్చింది. అమ్మ అందులో ఉమ్మి, మూత బిగించి నా చేతికిచ్చింది. పంపించాం. నెల తరువాత, నమూనా పనికిరాలేదని జవాబు వచ్చింది.

"అమ్మా, ఆ గొట్టంలో ఇంకేమైనా వేశావా?"

"ఏం వెయ్యలేదే. ప్రార్థన నూనె, ఒక్క చుక్క."

"నూనె ఎందుకేశావు?"

"నీ హాల్ టికెట్‌కి రాస్తే నువ్వు పాసవ్వలేదా?"

"అది కాగితం మీద రాశావమ్మా. ఇది లోపల పోశావు."

ఎదురింటి అత్త, మా చర్చి సంఘస్థురాలే, నవ్వాపుకోలేకపోయింది. "పోన్లే వదినా, ఆ ల్యాబు మిషనుకి అభిషేకం చేసేశావు. ఇక దానికి ఢోకా లేదు."

అమ్మ కూడా నవ్వింది కానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు. కొత్త బండి కొన్నా, కొత్త ఇంట్లో చేరినా నూనె రాసి ప్రార్థించడం మాకు అలవాటు. ఆమెకు ఇంతకన్నా పెద్ద పని ఇంకేముంది? రెండోసారి గొట్టం వచ్చినప్పుడు మూత బిగించాక, పెట్టె మీద చేతులుంచి ప్రార్థించాం.

ఈసారి ఫలితం వచ్చింది. అక్క లేదు. అక్క పిల్లలు లేరు. దూరపు బంధువులు కొందరు ఉన్నారు. వాళ్లలో కాస్త దగ్గరగా కనిపించిన ఒకతనికి మెసేజ్ పెడితే, విశాఖపట్నం నుంచి ఫోన్ చేశాడు. అమ్మకు వినపడేలా స్పీకరు పెట్టాను.

"మా నానమ్మ వాళ్లది రేపల్లె అవతల, సముద్రం వైపు పల్లెండి. ఆమె ముందే పెళ్లై ఇటొచ్చేసింది. అక్కడివాళ్లంతా ఉప్పెనలో పోయారంటండి. ఒక పెద్దపిల్ల మాత్రం మిగిలి, నాట్లేసే కూలీలతో బాపట్ల వైపు వెళ్లిపోయిందని నానమ్మ అనేదండి."

అమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. "ఆ పిల్ల పేరేంటి బాబూ?"

"తెలీదండి పెద్దమ్మా. నానమ్మ కూడా ఇప్పుడు లేదండి."

"సరేలే నాన్నా. అన్నం తిన్నావా?"

ఫోన్ పెట్టేసి నా చేతికిచ్చింది. తరువాత అంది: "ముప్పై ఏళ్లు బాపట్లలో కాపరం చేశాను. మార్కెట్లో చేపల దగ్గర పక్కపక్కనే నిలబడ్డామేమో. జరగమ్మా అని తోసేశానేమో."

ఆ పిల్లే అమ్మ వాళ్ల అక్క అని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఆ మాట అమ్మకూ చెప్పాను. పరీక్ష చేయించుకున్నవాళ్లే ఆ జాబితాలో ఉంటారనీ, నాట్లేసుకుని బతికిన మనిషి అందులో ఎలా ఉంటుందనీ అన్నాను. "అయితే మనమే వెళ్దాం" అంది.

ఇప్పుడు నెలకో ఆదివారం బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెం చుట్టుపక్కల ఏదో ఒక ఊరి చర్చి ఆరాధనకు వెళ్తున్నాం. చివర్లో పాస్టరు అయ్యగారి అనుమతి తీసుకుని అమ్మ లేచి, ఉప్పెన, తువ్వాలు, బడి వరండా, అన్నీ సాక్ష్యంగా చెబుతుంది. చెబుతూనే ఆడవాళ్ల వైపు, చాపల మీద కూర్చున్న ముసలివాళ్లను ఒక్కొక్కరినే చూస్తుంది. ఎవరైనా కళ్లు తుడుచుకుంటే చెప్పడం ఆపి అటే చూస్తుంది. ఇంతవరకూ ఎవరూ లేచి రాలేదు.

ఆ అక్క ఉంటే ఇప్పుడు అరవై దాటి ఉంటుంది. ఆమె ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఇది చదువుతున్న మీరు ఈ పూట మాతో కలిసి ఆమె కోసం ప్రార్థించండి. ఆమె ప్రాణంతో ఉండాలని, వేళకింత అన్నం పెట్టేవాళ్లు పక్కన ఉండాలని, మా అమ్మకు ఓపిక ఉండగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలని అడగండి.